మధ్యకు ఎందుకు రావడం లేదు? సీఎస్ఎస్ అమరికపై తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో నాది రెండు రకాల పని. వారమంతా కొట్లకూ పెళ్ళిళ్ళకూ వెబ్ పేజీలు తయారు చేస్తాను. ఆదివారం పూట మా వసారాలో ఆరేడుగురు పిల్లలకు ఆ పనే నేర్పుతాను. కొందరు ఊళ్ళోవాళ్ళే, కొందరు సరిహద్దు దాటి పాతపట్నం నుంచి వస్తారు, ఇద్దరు గుణుపూర్ రైలులో దిగుతారు. ఎక్కడివాళ్ళయినా రెండో వారానికల్లా అందరి నోటా ఒకే మాట: "మాస్టారూ, ఇది మధ్యకు ఎందుకు రావడం లేదు?" ఆ ఒక్క ప్రశ్నకు ఉన్న వేషాలన్నీ ఇక్కడ పోగు చేశాను.

పేజీలో ఏది ఎక్కడ, ఎలా కనపడాలో బ్రౌజర్‌కు చెప్పే భాషే సీఎస్ఎస్. దాని కోడ్ పదాలను మేము పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాశాను. ఫైలులో మాత్రం ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు మాది. నోటితో అన్నట్టే రాయడానికి ఇక్కడ ఎవరూ సంకోచపడరు. పేజీలోని ప్రతి ముక్కా (ఎలిమెంట్) ఒక పెట్టె. ఇంకో పెట్టెను లోపల పెట్టుకున్న పేరెంట్ ఎలిమెంట్‌ను తల్లి పెట్టె అనీ, దాని లోపల ఉన్నదాన్ని పిల్ల పెట్టె అనీ పిలుస్తాను.

అడ్డంగా మధ్యకు తేవడం సులువు, నిలువుగా తేవడం కష్టం. ఎందుకీ తేడా?

మగ్గం మీద ఉన్న బరంపురం పట్టుచీరను తలచుకోండి. పన్నా ముందే ఖాయమైపోయింది. పొడవు మాత్రం నేసినకొద్దీ పెరుగుతుంది. పన్నాకు మధ్య ఎక్కడో నేతగాడు ఏ క్షణంలోనైనా వేలు పెట్టి చూపగలడు. పొడవుకు మధ్య ఎక్కడ అని అడిగితే, "కోసిన తర్వాత రండి" అంటాడు.

వెబ్ పేజీ కూడా అలాంటి బట్టే. వెడల్పు తెర ఇస్తుంది, ఎత్తు లోపలి రాతను బట్టి పెరుగుతుంది. హోకన్ వియుమ్ లీ 1994లో సీఎస్ఎస్‌ను ప్రతిపాదించినప్పుడు, 1996 డిసెంబరులో దాని మొదటి రూపాన్ని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించినప్పుడు అందరి మనసులో ఉన్నది పత్రాలు: శీర్షిక, పేరాలు, కింద ఇంకొన్ని పేరాలు. పత్రంలో నిలువు మధ్యతో ఎవరికీ పని పడదు. వెబ్ పేజీలు దుకాణాలుగా, దరఖాస్తులుగా, శుభలేఖలుగా మారాక ఆ అవసరం వచ్చింది. ఫ్లెక్స్, గ్రిడ్ అనే అమరిక పద్ధతులు అన్ని బ్రౌజర్లలోనూ కుదురుకునేదాకా దాదాపు ఇరవై ఏళ్ళు జనం చిట్కాలతో నెట్టుకొచ్చారు. మీకు ఇంటర్నెట్‌లో పదిహేను పద్ధతులు కనిపిస్తున్నాయంటే అది ఆ ఇరవై ఏళ్ళ చలవ.

ఏ పద్ధతి వాడాలో తేల్చుకునే ముందు ఏమి చూసుకోవాలి?

దేనికి మధ్య? ఈ ప్రశ్న వేసుకోకుండా కోడ్ ముట్టుకోవద్దు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు మా ఊరు అందులో చేరింది. పర్లాకిమిడి జమీందారీలో కొంత భాగం మద్రాసు వైపు ఉండిపోయింది. ఒడిశా పటంలో మేము దక్షిణపు అంచు. ఆంధ్ర పటంలో ఉత్తరపు అంచుకు అవతల. మా బజారులో నిలబడి చూస్తే మాత్రం అన్ని దారులూ ఇక్కడికే వస్తాయి. ఊరు కదలలేదు, చట్రం మారింది అంతే.

సీఎస్ఎస్‌లో ఆ చట్రమే తల్లి పెట్టె. మీ బటన్ తల్లి పెట్టెకు మధ్యలోనే ఉండి ఉండవచ్చు. తల్లి పెట్టే తెరకు ఒక మూలన ఉందేమో. లేదా తల్లి పెట్టె ఎత్తు సరిగ్గా బటన్ ఎత్తంతే ఉందేమో. అప్పుడు నిలువుగా జరగడానికి చోటే లేదు. ఇది కంటికి కనపడాలంటే తల్లి పెట్టెకు "అవుట్‌లైన్: 2పీఎక్స్ సాలిడ్ రెడ్" అని పెట్టండి. ఎర్ర గీత చూడగానే సగం ఫిర్యాదులు అక్కడే ఆగిపోతాయి. బోర్డర్ కాకుండా అవుట్‌లైన్ ఎందుకంటే, బోర్డర్ తన మందానికి చోటు అడుగుతుంది, దాంతో కొలతలే మారిపోవచ్చు. అవుట్‌లైన్ చోటు అడగదు.

టెక్స్ట్-అలైన్: సెంటర్ పెట్టాను. లోపలి రాత జరిగింది, డివ్ మాత్రం కదల్లేదు. ఎందుకు?

అది డివ్‌కు (పేజీలో ముక్కలను పెట్టుకునే మామూలు పెట్టె) చెప్పిన మాట కాదు కనుక. టెక్స్ట్-అలైన్ ఒక పెట్టె లోపలి వరుసల్లో ఉన్న వాటిని సర్దుతుంది: అక్షరాలు, బొమ్మలు, లింకులు, ఇన్‌లైన్-బ్లాక్ బటన్లు. డివ్ వరుసలో కూర్చునే రకం కాదు, వరుసంతా తానే ఆక్రమించేది.

ఇంకో సంగతి. ఈ గుణం వారసత్వంగా దిగుతుంది. పేజీలో కనిపించేదంతా ఉండే బాడీ అనే పెట్టెకు పెడితే పేజీలో ప్రతి పేరా మధ్యకు వచ్చేస్తుంది. ఒకసారి ఒక కొట్టు పేజీలో ధరల పట్టిక అంకెలన్నీ ఒకదాని కింద ఒకటి కుదరక గంతులు వేస్తుంటే అరగంట వెతికాను. నేనే పైన ఎక్కడో పెట్టి మరచిపోయిన ఒక్క వాక్యం అది.

మార్జిన్: 0 ఆటో ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు. దాని నియమం ఏమిటి?

మార్జిన్ అంటే పెట్టె బయట చుట్టూ వదిలే ఖాళీ. ఆటో అంటే "మిగిలిన చోటు ఎంతో చూసి నాకివ్వు" అని. ఎడమకూ కుడికీ ఆటో పెడితే మిగిలిన చోటును ఇద్దరూ సమంగా పంచుకుంటారు, పెట్టె మధ్యలో నిలుస్తుంది. అన్నదమ్ముల పంపకం లాంటిదే. అయితే పంచుకోవడానికి ఏదో ఒకటి మిగలాలి కదా. వెడల్పు చెప్పని డివ్ తల్లి పెట్టె వెడల్పంతా పరుచుకుంటుంది, మిగులు సున్నా. కాబట్టి వెడల్పు చెప్పండి, లేదా మాక్స్-విడ్త్ ఇవ్వండి. చదువుకునే పేజీలకు నేను మాక్స్-విడ్త్: 40ఆర్ఈఎం (ఆర్ఈఎం అంటే పేజీ మూల అక్షర సైజు), మార్జిన్-ఇన్‌లైన్: ఆటో అనే రెండు ముక్కలతో సరిపెడతాను. చిన్న తెర మీద పూర్తి వెడల్పు, పెద్ద తెర మీద నడిమి వరుస.

బొమ్మ మొండికేస్తే కారణం వేరు. ఐఎమ్‌జీ (బొమ్మ ట్యాగ్) పుట్టుకతో ఇన్‌లైన్, అంటే వరుసలో కూర్చునే రకం, దానికి ఆటో మార్జిన్ అంటే సున్నాయే. డిస్‌ప్లే: బ్లాక్ అని చెప్పండి, మాట వింటుంది.

పైనా కిందా ఆటో పెట్టినా నిలువుగా మధ్యకు రాదేమని అడుగుతారు. మామూలు బ్లాక్ అమరికలో పైకీ కిందికీ ఉన్న ఆటోను సున్నాగా లెక్కించాలని సీఎస్ఎస్ నియమమే ఉంది. మళ్ళీ మగ్గం దగ్గరకు వెళ్ళండి: పొడవు తేలని బట్టలో మిగులు ఎంతని పంచాలి? అదే పిల్ల ఫ్లెక్స్ తల్లి లోపలో గ్రిడ్ తల్లి లోపలో ఉంటే ఒక్క మార్జిన్: ఆటోతో నాలుగు వైపులా చోటు పంచుకుని నట్టనడుమ నిలుస్తుంది. నాకు చాలా ఇష్టమైన వాక్యాల్లో ఇదొకటి.

వర్టికల్-అలైన్: మిడిల్ అని పేరులోనే ఉంది కదా. ఎందుకు పనిచేయదు?

పేరు చూసి మోసపోయినవాళ్ళలో నేనూ ఉన్నాను. అది ఒకే వరుసలో పక్కపక్కన ఉన్న వాటికి, పట్టిక గళ్ళకు మాత్రమే వర్తిస్తుంది. డివ్ మీద పెడితే బ్రౌజర్ చదివి ఊరుకుంటుంది.

ఫ్లెక్స్‌లో జస్టిఫై-కంటెంట్ ఏదో, అలైన్-ఐటమ్స్ ఏదో ఎప్పుడూ తికమకే. గుర్తుపెట్టుకునే మార్గం ఉందా?

గుణుపూర్ రైలు ఎక్కే పిల్లలకు నేను చెప్పేది ఇది. పర్లాకిమిడి రాజులు 1900లో నౌపడ నుంచి ఊరికి వేయించిన చిన్న మార్గమే తర్వాత గుణుపూర్ దాకా సాగి, ఆపైన బ్రాడ్ గేజ్ అయింది. పట్టా మీద బోగీలు వరుసగా నిలబడతాయి. బోగీలన్నిటినీ పట్టా వెంబడి ముందుకో వెనక్కో మధ్యకో జరపడం జస్టిఫై-కంటెంట్ పని. పట్టాకు అడ్డంగా, అంటే ప్లాట్‌ఫారం వైపుకో అవతలి వైపుకో జరపడం అలైన్-ఐటమ్స్ పని. నిజం రైలులో రెండోది జరగకూడదు, తెర మీద జరగవచ్చు.

పట్టా ఏ దిశలో వేశారో చెప్పేది ఫ్లెక్స్-డైరెక్షన్. ఏమీ చెప్పకపోతే అది రో. తెలుగు, ఒడియా పేజీల్లో ఎడమ నుంచి కుడికి. కాలమ్ అంటే పట్టాను నిలువుగా తిప్పినట్టు. తికమక అంతా ఇక్కడే పుడుతుంది: జస్టిఫై అంటే అడ్డం అని బట్టీ పట్టినవాళ్ళు కాలమ్ పెట్టగానే దారి తప్పుతారు. జస్టిఫై అంటే అడ్డమూ కాదు, నిలువూ కాదు, పట్టా వెంబడి.

రెండూ మధ్యకు కావాలంటే తల్లి పెట్టెకు ఇలా:

డిస్‌ప్లే: ఫ్లెక్స్;
జస్టిఫై-కంటెంట్: సెంటర్;
అలైన్-ఐటమ్స్: సెంటర్;

ఈ మూడూ తల్లికే చెప్పాలి, పిల్లకు కాదు. పిల్లకు రాసి "పనిచేయడం లేదు మాస్టారూ" అనేవాళ్ళు ప్రతి జట్టులోనూ ఒకరైనా ఉంటారు.

గ్రిడ్‌తో రెండు వాక్యాల్లోనే అయిపోతుందని విన్నాను. నిజమేనా?

నిజమే. డిస్‌ప్లే: గ్రిడ్, ప్లేస్-ఐటమ్స్: సెంటర్. 2017లో పెద్ద బ్రౌజర్లన్నీ గ్రిడ్‌ను అందుకున్నాక, లోపల ఒకే ఒక్క పెట్టె ఉన్నప్పుడు నేను వాడేది ఇదే.

ఒకటికి మించి ఉంటే మాత్రం జాగ్రత్త. శుభలేఖ పేజీలో వధూవరుల పేర్లు, ముహూర్తం, కల్యాణ మండపం చిరునామా అని మూడు పెట్టెలు ఉన్నాయనుకోండి. తల్లి ఎత్తు తెరంత. ప్లేస్-ఐటమ్స్ పెట్టగానే మూడూ మూడు అరల్లోకి పోయి, ప్రతిదీ తన అరకు మధ్యలో నిలబడుతుంది. పేర్లు పైన, ముహూర్తం నడుమ, చిరునామా అడుగున; మధ్యమధ్య ఖాళీలు. వాళ్ళలో వాళ్ళకు పలకరింపులు లేనట్టు ఉంటుంది. మూడూ గుంపుగా కలిసి నడుమకు రావాలంటే ప్లేస్-కంటెంట్: సెంటర్ పెట్టాలి. ఐటమ్స్ అంటే ఒక్కొక్కరినీ తమ అరలో. కంటెంట్ అంటే అరలన్నిటినీ కలిపి తల్లి పెట్టెలో.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ప్లేస్-కంటెంట్ ఒక్కటే పెడితే గుంపు మధ్యకు వస్తుంది గానీ, గుంపు లోపల చిన్న పేరు పెద్ద చిరునామాకు ఎడమ అంచున అతుక్కుని కనిపిస్తుంది. అందుకు జస్టిఫై-ఐటమ్స్: సెంటర్ తోడు కావాలి, రాత రెండు వరుసల్లోకి విరిగితే టెక్స్ట్-అలైన్ కూడా.

హైట్: 100% ఇచ్చాను. అయినా పైనే అతుక్కుపోయింది.

నూటికి నూరు, కానీ దేంట్లో? తల్లి ఎత్తులో. తల్లి ఎత్తు ఎంత? లోపలి సరుకును బట్టి. సరుకు ఎత్తు ఎంత? తల్లి ఎత్తులో నూటికి నూరు. ఇలా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే బ్రౌజర్ విసిగి ఆ శాతాన్ని పక్కన పెట్టి, ఆటోగా తీసుకుంటుంది. శాతంలో ఎత్తు పనిచేయాలంటే పై నుంచి ప్రతి తల్లికీ ఎత్తు తేలి ఉండాలి, హెచ్‌టీఎంఎల్, బాడీలతో సహా.

దానికంటే తెర ఎత్తునే నేరుగా అడగడం మేలు: మిన్-హైట్: 100వీహెచ్, అంటే కనీసం తెర ఎత్తంత. హైట్ కాకుండా మిన్-హైట్ ఎందుకంటే, లోపలి సరుకు తెరకంటే పెరిగితే పెట్టె కూడా పెరగాలి. దీంతో పాటు బాడీ మార్జిన్‌ను సున్నా చేయడం మరవద్దు. బ్రౌజర్లు బాడీ చుట్టూ 8 పిక్సెళ్ళు వదులుతాయి. తెరంత పెట్టెకు అవి తోడై పనికిమాలిన స్క్రోల్‌బార్ వస్తుంది.

కంప్యూటర్‌లో సరిగ్గా మధ్యలో ఉన్నది ఫోనులో కిందికి దిగినట్టు కనిపిస్తోంది. ఎవరి తప్పు?

నా అనుభవం చెబుతాను. ఒక పెళ్ళి పేజీ చేసి, నా కంప్యూటర్‌లో పది సార్లు చూసుకుని పంపించాను. పెళ్ళికూతురి మేనమామ గారు ఫోను చేశారు: "బాబూ, దారి చూపే బటన్ పెట్టామన్నావు, ఎక్కడుంది?" బటన్ ఉంది. తెర అడుగున, బ్రౌజర్ పట్టీ కింద దాక్కుని ఉంది. ఆయన వేలితో పైకి తోస్తే కనిపించేది, తోయాలని ఆయనకెందుకు తోస్తుంది?

ఫోను బ్రౌజర్లలో చిరునామా పట్టీ కనిపిస్తూ, మాయమవుతూ ఉంటుంది. 100వీహెచ్ చాలా ఫోన్లలో ఆ పట్టీ మాయమైనప్పటి పెద్ద ఎత్తును కొలుస్తుంది. పేజీ తెరవగానే పట్టీ ఉంటుంది కాబట్టి మీ పెట్టె తెరకంటే పొడుగు, దాని మధ్య తెర మధ్యకంటే కిందికి. 2022లో పెద్ద బ్రౌజర్లు మూడు కొత్త కొలతలు తెచ్చాయి. పట్టీ ఉన్నప్పటి చిన్న ఎత్తుకు ఎస్‌వీహెచ్, లేనప్పటి పెద్ద ఎత్తుకు ఎల్‌వీహెచ్, ఎప్పటికప్పుడు మారేదానికి డీవీహెచ్. అందరూ డీవీహెచ్ అంటారు గానీ శుభలేఖలకు నేను 100ఎస్‌వీహెచ్ వాడతాను. డీవీహెచ్‌తో పట్టీ వచ్చిపోతున్నప్పుడల్లా పేర్లు కిందికీ పైకీ ఊగుతాయి. పెద్దవాళ్ళకు అది ఏదో పాడైనట్టు తోస్తుంది.

పాత ఫోన్ల కోసం ముందు 100వీహెచ్ వాక్యం రాసి, దాని కింద 100ఎస్‌వీహెచ్ వాక్యం రాయండి. రెండోది అర్థం కాని బ్రౌజర్ దాన్ని వదిలేసి మొదటిదానితో సరిపెట్టుకుంటుంది.

పాత పాఠాల్లో టాప్ 50%, లెఫ్ట్ 50%, ట్రాన్స్‌లేట్ మైనస్ 50% అని ఉంటుంది. ఆ మైనస్ ఎందుకు?

పొజిషన్: అబ్సల్యూట్ పెట్టి టాప్, లెఫ్ట్ 50% అంటే పెట్టె నడుమ కాదు, పెట్టె ఎడమ పై మూల తల్లి నడుమకు వస్తుంది. అప్పుడు పెట్టెను దాని సొంత వెడల్పులో సగం ఎడమకు, సొంత ఎత్తులో సగం పైకి లాగాలి. టాప్, లెఫ్ట్‌లలోని శాతం తల్లి కొలతలో. ట్రాన్స్‌లేట్‌లోని శాతం సొంత కొలతలో. ఈ తేడా వల్లే ఈ చిట్కా నడుస్తుంది. తల్లికి పొజిషన్: రెలటివ్ ఉండాలి, లేకపోతే పెట్టె పై తరాల్లో ఎవరో ఒకరిని వెతుక్కుంటూ పోతుంది.

దీనిలో ఒక లోపం ఉంది. లెఫ్ట్ 50% అనగానే పెట్టెకు పరుచుకోవడానికి తల్లి వెడల్పులో కుడి సగమే మిగులుతుంది. అందుకే పొడుగు వాక్యాలు అనవసరంగా రెండు మూడు వరుసలుగా విరిగిపోతాయి. ఇప్పుడు ఫొటో మీద రాత, లేదా పేజీ మీద తేలే చిన్న కిటికీ కావాలంటే పొజిషన్: అబ్సల్యూట్ అలాగే ఉంచి నేను ఇన్‌సెట్: 0, మార్జిన్: ఆటో, విడ్త్, హైట్ రెండూ ఫిట్-కంటెంట్ అని రాస్తాను. నాలుగు వైపులా లాగి కట్టిన పందిరి నడుమ నిలిచినట్టు నిలుస్తుంది.

డైలాగ్ అనే ఎలిమెంట్‌ను షోమోడల్ అనే జావాస్క్రిప్ట్ ఆజ్ఞతో తెరిస్తే బ్రౌజర్ తానే ఈ పద్ధతిలో మధ్యన నిలబెడుతుంది. మీ ఫైలు మొదట్లో నక్షత్రం గుర్తు పెట్టి అన్నిటికీ మార్జిన్ సున్నా చేసి ఉంటే ఆ కిటికీ పై మూలకు పారిపోతుంది. దానికి మళ్ళీ మార్జిన్: ఆటో ఇవ్వండి.

ఫ్లెక్స్, గ్రిడ్ ఏదీ లేకుండా మామూలు డివ్‌లో నిలువు మధ్య కుదరదా?

2024 నుంచి కుదురుతుంది. ఎత్తున్న మామూలు బ్లాక్‌కు అలైన్-కంటెంట్: సెంటర్ అంటే చాలు. ఆ ఏడు మార్చి, ఏప్రిల్ నెలల్లో క్రోమ్, సఫారీ, ఫైర్‌ఫాక్స్ మూడూ అందుకున్నాయి. పాత ఫోన్లున్న ఇళ్ళకు వెళ్ళే పేజీల్లో నేనింకా దీని మీద ఆధారపడటం లేదు.

మధ్యకు తెచ్చిన ఫారం చిన్న తెర మీద పైభాగం తెగిపోతోంది, స్క్రోల్ చేసినా పైకి పోదు. ఇదేమిటి?

తల్లి ఎత్తు బిగించి ఉండి, లోపలి సరుకు అంతకంటే పెద్దదైతే, మధ్య అన్న మాటకు కట్టుబడి బ్రౌజర్ పైకి సగం, కిందికి సగం పొంగిస్తుంది. కిందికి పొంగింది స్క్రోల్‌తో దొరుకుతుంది. పేజీ మొదలుకంటే పైకి పొంగింది దొరకదు. ఫారంలో మొదటి గడి పేరు, అదే కనపడకపోతే నింపేదెవరు?

మందు రెండు రకాలు. హైట్ బదులు మిన్-హైట్ ఇవ్వడం ఒకటి. కుదరకపోతే అలైన్-ఐటమ్స్: సేఫ్ సెంటర్, చోటు చాలనప్పుడు మధ్య పట్టుదల వదిలి మొదటి నుంచి చూపమని దానికి అర్థం. ఫ్లెక్స్ పిల్లకు మార్జిన్: ఆటో ఇచ్చినా ఇదే ఫలితం, మిగులు లేనప్పుడు ఆటో సున్నా అయిపోతుంది కదా.

పేజీలో రాతంతా మధ్యకు తెస్తే అందంగా ఉండదా?

ఉండదు. శుభలేఖలో "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" నడుమన ఉండాల్సిందే, పేర్లూ నడుమనే. నాలుగు వరుసలు దాటిన ఏ రాతయినా ఎడమ అంచుకు తేవాలి. ప్రతి వరుసా ఎక్కడ మొదలవుతుందో కన్ను వెతుక్కోవాల్సి వస్తే చదివేవారు మూడో వరుసలో వెళ్ళిపోతారు.

సెంటర్ అనే పాత ట్యాగ్ ఇప్పటికీ పనిచేస్తోంది. వాడితే తప్పేమిటి?

1997లో హెచ్‌టీఎంఎల్ 4 నాటికే దాన్ని వద్దన్నారు. పాత పేజీలు చెడిపోకూడదని బ్రౌజర్లు ఇంకా మోస్తున్నాయి. అడ్డం తప్ప నిలువు దానికి చేతకాదు. కొత్త పేజీలో పెట్టకండి.

బటన్‌లో ఇంగ్లీషు మాట సరిగ్గా మధ్యలో ఉంటుంది, తెలుగు మాట ఎందుకు తేడాగా కూర్చుంటుంది?

ఈ ప్రశ్నకు జవాబు నాకు కంప్యూటర్ పుస్తకాల్లో దొరకలేదు. మా వీధిలో సైన్‌బోర్డులు రాసే ఒక పెద్దాయన దగ్గర దొరికింది. ఆయన రేకు మీద సుద్ద దారంతో రెండు గీతలు కొట్టి, ఆ రెంటి నడుమ అక్షరాల పొట్టలు నింపేవాడు. కింది గీతకూ బోర్డు అంచుకూ మధ్య పైకంటే ఎక్కువ ఖాళీ వదిలేవాడు. ఎందుకని అడిగితే, "వత్తులు ఎక్కడ కూర్చోవాలి నాయనా?" అన్నాడు.

కంప్యూటర్ అలా పొట్టలను చూడదు. ఫాంట్‌లో అక్షరం పైకి ఎంత, కిందికి ఎంత అనే రెండు కొలతలు రాసి ఉంటాయి. ఆ మొత్తం ఎత్తును బ్రౌజర్ మధ్యకు తెస్తుంది. "ధరలు" అనే మాటలో వత్తు లేదు, "శాస్త్రి" అన్నప్పుడు కిందికి రెండు అంతస్తులు. ఫాంట్ రెంటికీ ఒకే చోటు కేటాయిస్తుంది. కాబట్టి వత్తులు లేని మాట పైకి తేలినట్టు, వత్తులున్నది కిందికి దిగినట్టు కనిపిస్తుంది. లెక్క ప్రకారం రెండూ మధ్యలోనే ఉన్నాయి. తప్పు ఎవరిదీ కాదు, కంటికి నచ్చదు అంతే.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఫాంట్-ఫ్యామిలీ జాబితాలో తెలుగు ఫాంట్‌ను మొదట పెట్టండి. ఇంగ్లీషు ఫాంట్ మొదట ఉంటే వరుస ఎక్కడ నిలవాలో దాని కొలతలతో తేలుతుంది, అక్షరాలు మాత్రం తెలుగు ఫాంట్ నుంచి వస్తాయి. ఎవరి కొలతతోనో కుట్టిన చొక్కా తొడుక్కున్నట్టు ఉంటుంది. లైన్-హైట్ ఇంగ్లీషుకు 1.2 సరిపోవచ్చు, తెలుగుకు 1.6కు తగ్గితే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. బటన్‌కు హైట్ బిగించకుండా పైనా కిందా ప్యాడింగ్ (పెట్టె లోపలి ఖాళీ) ఇవ్వండి. ఆపైన ఇంకా కిందికి దిగినట్టుంటే పై ప్యాడింగ్ ఒకటి రెండు పిక్సెళ్ళు తగ్గించండి. ఇలా చేతితో సర్దడం మోటు పని అనిపించవచ్చు, బోర్డు రాసే పెద్దాయన జీవితమంతా చేసింది అదే.

టెక్స్ట్-బాక్స్-ట్రిమ్ అనే కొత్త గుణం ఒకటి ఈమధ్య క్రోమ్, సఫారీలలోకి వచ్చింది. అక్షరాల పైనా కిందా మిగిలే ఖాళీని కత్తిరిస్తుంది. కత్తిరించే గీతలు మాత్రం ఇంగ్లీషు పెద్ద అక్షరాల తల, చిన్న అక్షరాల తల, అవి నిలబడే గీత లాంటివి. మన వత్తుల కింద గీత గీసే మాట దానిలో లేదు.

కొట్టు పేరు తెలుగులో, ఒడియాలో పక్కపక్కన పెట్టాను. కంప్యూటర్‌లో కుదిరింది, ఫోనులో ఒకటి పైకి ఒకటి కిందికి ఉంది. ఏమి చేయాలి?

మా జిల్లాలో దాదాపు ప్రతి కొట్టుకూ వచ్చే సమస్య ఇది. విండోస్‌లో నిర్మలా అనే ఒకే ఫాంట్‌లో తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి, కొలతలు ఒకటే. ఆండ్రాయిడ్ ఫోనులో సాధారణంగా తెలుగుకు ఒక నోటో ఫాంట్, ఒడియాకు ఇంకొక నోటో ఫాంట్. ఆ రెంటి కొలతలు ఒకేలా ఉండాలని నియమం లేదు.

రెండు పేర్లనూ రెండు స్పాన్లలో (రాతలో ఒక ముక్కను చుట్టే చిన్న పెట్టెలు) పెట్టి, ప్రతిదానికీ లాంగ్ గుణం ఇవ్వండి: తెలుగుకు టీ-ఈ, ఒడియాకు ఓ-ఆర్. అప్పుడు ఏ ఫాంట్ ఎవరికో, ఎంత సైజో మీరే విడివిడిగా చెప్పవచ్చు. రెంటికీ లైన్-హైట్ ఒకే అంకెతో ఇవ్వండి. తల్లికి డిస్‌ప్లే: ఫ్లెక్స్ ఇచ్చి, అలైన్-ఐటమ్స్‌కు సెంటర్ బదులు బేస్‌లైన్ పెట్టండి. సెంటర్ రెండు పెట్టెల నడుములను కలుపుతుంది. బేస్‌లైన్ అక్షరాలు నిలబడే గీతను కలుపుతుంది. పక్కపక్కనున్న రెండు లిపులకు కన్ను చూసేది ఆ గీతనే. ఆ జంటను మొత్తంగా పేజీ నడుమకు తేవడం పై తల్లి పని, దానికి మామూలు సెంటర్ ఉండనివ్వండి.

ఒడియా గుండ్రటి తలలు తెలుగు పక్కన పెద్దవిగా కనిపిస్తే ఆ స్పాన్‌కు ఫాంట్-సైజ్: 0.95ఈఎం (చుట్టూ ఉన్న అక్షర సైజులో 95 శాతం) ఇచ్చి చూడండి. అంకె ఖాయం కాదు, ఫాంట్‌ను బట్టి మారుతుంది. ఫోను చేతిలో పట్టుకుని, రెండు భాషలూ చదవగలిగే మనిషికి ఒకసారి చూపించి అప్పుడు ఫైలు ఎక్కించండి.